తలుపు మీద కంత

దాలమ్మ అద్దెకున్న ఇంటి వీధి తలుపు పైన, ద్వారబంధానికీ రేకుకీ మధ్య, అడుగు వెడల్పున ఒక కంత ఉంది. అక్కడ ఉండాల్సిన బల్లని ఎప్పుడో చెదలు తినేశాయి. హోలీకి బల్ల కొట్టిస్తానన్నాడు ఇంటాయన. హోలీ అయింది, దుర్గాపూజ అయింది, దీపావళి కూడా అయింది. బల్ల రాలేదు, చలి వచ్చింది.

టాటానగర్‌లో పర్సుడీహ్ బజారు వెనక ఆ సందులో ఎదురూబొదురూ కలిపి ఎనిమిది ఇళ్ళు. దాలమ్మది తీసేస్తే మిగిలిన ఏడూ తెలుగువాళ్ళవే, అందరూ శ్రీకాకుళం, పలాస, టెక్కలి వైపు నుంచి వచ్చినవాళ్ళే. దాలమ్మదీ తెలుగే, పుట్టిందీ పలాసలోనే. అయినా తీసేసి చెప్పడానికి కారణముంది. ఆమె మొగుడు అప్పలరాజు టాటానగర్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. ఇరవై ఎనిమిదేళ్ళు రైల్వే క్వార్టర్లో ఉన్నారు. అటు బెంగాలీలు, ఇటు బిహారీలు, ఎవరి తలుపు వాళ్ళది. పోయినేడాది ఆయన పోయాడు. క్వార్టర్ ఖాళీ చేసి ఆమె ఈ సందులోకి వచ్చి పదినెలలు. సామానుతో పాటు తలుపేసుకునే అలవాటు కూడా తెచ్చుకుంది. అందుకే సందంతా ఆమెకి చాటుగా ‘కోటర్సమ్మ’ అని పేరు పెట్టింది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి పెద్ద బాధపడిందీ లేదు.

ఎండాకాలంలో ఆ కంతలోంచి వచ్చింది చలి కాదు, పోపు ఘాటు. పదకొండయ్యేసరికి ఏడిళ్ళల్లోనూ ఒకరి తరవాత ఒకరు మూకుడు పెట్టేవారు. ఆవాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి కలిసి కంతలోంచి దూరి దాలమ్మ కళ్ళల్లో నీళ్ళు తెప్పించేవి. ఓ రోజు ఆగలేక ఎదురింటి తవిటమ్మతో అనేసింది.

“మీ పోపు ఘాటుకి నాను మా ఇంట్లో కూకోనేకపోతన్నాను వొదినా.”

తవిటమ్మకి అరవై దాటాయి. సందుకి పెద్ద. ఆమె నోటికి ఎదురు చెప్పిన మనిషి ఇంకా పుట్టలేదంటారు. “పోపు నేకుండా కూరెలగొండుతారో నాకు తెల్దు. నీకు తెలిస్తే నేర్పు,” అని లోపలికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఇద్దరికీ కుళాయి దగ్గర నీళ్ళ వంతు మాటలే తప్ప వేరే మాటల్లేవు.

కార్తీకం వచ్చేసరికి దాలమ్మకి జ్వరం తగిలింది. ఊరంతా జ్వరాలే. పొద్దున్న చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం దోమలు. బజారులో రక్తం పరీక్ష చేయిస్తే డెంగ్యూ కాదన్నారు. “మౌసమ్ బదల్ రహా హై, మౌసీ,” అని మందుల దుకాణం కుర్రాడు ఓ పొట్లాం గోలీలు చేతిలో పెట్టాడు. కాలం మారితే మందుల కొట్టువాడికి పండగే గదా అనుకుంటూ ఇంటికి నడిచింది. దారిలో రేషన్ దుకాణం పక్కన వేపచెట్టు కనిపించింది. దోమలకి పొగ వేసుకోవచ్చని అందినకాడికి రెండు కొమ్మలు విరుచుకుంది.

ఇంటికొచ్చేసరికి ఒళ్ళు వణికిపోతోంది. కంతలోంచి గాలి సన్నగా, కత్తితో గీసినట్టు దిగుతోంది. స్టూలెక్కి ఓ గోనెసంచి మడిచి కుక్కింది. అది జారిపోయింది. మళ్ళీ కుక్కింది, మళ్ళీ జారింది. చివరికి చేతికందిన వేపకొమ్మల్ని సంచి పక్కన బిగించి, మొదళ్ళు లోపలికీ ఆకులు బయటికీ వచ్చేలా దూర్చింది. సంచి నిలిచింది. దోమల పొగ సంగతి తరవాత చూద్దామనుకుని దిగి మంచమెక్కింది. లోపల్నించి చూస్తే గోనె, రెండు పుల్లలు. బయట్నించి ఎలా ఉందో వెళ్ళి చూసే ఓపిక ఆమెకి లేదు.

తెల్లారాక తలుపు అవతల తవిటమ్మ గొంతు వినిపించింది.

“దాలమ్మా. ఏటి, కుళాయికి రానేదు? ఒల్లు బాగోనేదా?”

“జొరం వొదినా,” అంది దాలమ్మ మంచం మీద నుంచే. “సేతులంతా ఎర్రగా పొక్కీసినట్టున్నాది.”

నిజమే, ఆ జ్వరంలో చేతుల మీదా మెడ మీదా దద్దుర్లు లేచాయి. బయట గాజులు గలగలమన్నాయి. తవిటమ్మ లోపలికొస్తుందేమో, లేచి గడియ తియ్యాలేమో అని దాలమ్మ కాళ్ళు కిందికి దించింది కూడా.

“సల్లగుండు తల్లీ,” అంది తవిటమ్మ. అంతే, అడుగుల చప్పుడు దూరమైపోయింది.

దాలమ్మ కాళ్ళు నేల మీదే ఉండిపోయాయి. వెళ్ళొస్తానని ఒక్క మాట లేదు. కాట్లాడుకున్న వాళ్ళు కూడా ‘ఎల్లొత్తాను’ అనకుండా కదలరు. పైగా, చలికి పళ్ళు కొట్టుకుంటున్న మనిషితో చల్లగా ఉండమని వేళాకోళమొకటి. ఎండాకాలం నాటి పోపు మాట కడుపులో పెట్టుకుని, అదను చూసి అప్పచెప్పిందనుకుంది.

ఆ తరవాత రోజులు ఒకలాగే నడిచాయి. సిమెంటు నేల పొద్దున్నే అడుగు పెట్టనివ్వదు. రేకు కప్పు పగలు వేడినీ ఉంచుకోదు, సాయంత్రం చలినీ ఆపదు. ఉన్న రెండు దుప్పట్లూ కప్పుకుని, వాటి మీద అప్పలరాజు డ్యూటీ కోటు కప్పుకునేది. నల్లటి ఉన్ని కోటు, మోచేతుల దగ్గర అరిగిపోయింది, జేబులో ఇంకా బీడీ పొడి ఉంది. ఆమెకి జ్వరమొస్తే ఆయన మిరియాల చారు కాచేవాడు. మిరియాలు ఎన్ని వెయ్యాలో ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఎక్కలేదు. గొంతు మండిపోయేది. “కారం ఎక్కువైనాదా?” అని భయంభయంగా అడిగేవాడు. కాలేదని అబద్ధమాడి తాగేది.

ఆ చారు తలుచుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ తలుపేసుకుంటే లోపల ఇద్దరుండేవారు. ఇప్పుడు తలుపేసుకుంటే ఒక్కర్తే. లోకంలో తనకెవరూ లేరని ఆ మంచం మీద ఆమెకి గట్టిగా అనిపించింది. ఏడిస్తే ముక్కు ఇంకా బిగిసి ఊపిరాడలేదు, అంచేత ఏడుపు ఆపేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, రోజూ తెల్లారగట్ల ఎవరో గుమ్మం ముందు నీళ్ళు కుమ్మరిస్తున్నారు. అవి తలుపు కింద నుంచి లోపలికి పాకి, చల్లటి నేలని ఇంకా చల్లగా చేసేవి. లేచి చూస్తే తడి. పాత పసుప్పచ్చ చీర పరిచి అడ్డం పెట్టింది. అదీ తడిసింది. అంట్లు కడిగిన నీళ్ళు పారబోయడానికి నా గుమ్మమే దొరికిందా అని తిట్టుకుంది. అరిచే ఓపిక లేదుగాని, ఉంటే పైకే తిట్టేది.

ఇంకో భయం కూడా పట్టుకుంది. మూడోరోజో నాలుగోరోజో పదకొండు గంటలప్పుడు పడుకుని ఉండగా, పోపు వాసన తగల్లేదని తోచింది. కంతలో గోనె ఉంది కదా, అంచేతేమో అనుకుంది. మరునాడు ముక్కు కాస్త వదిలాక కావాలని కాచుక్కూర్చుంది. ఏమీ లేదు. వాసన సరే, మూకుట్లో ఆవాలు చిటపటలాడే చప్పుడైనా గోనె దాటి రావాలి కదా. అదీ లేదు. ముక్కూ పోయింది, చెవులూ పోయాయి, ఇంక మిగిలిందేమిటని భయపడిపోయింది. జ్వరాలొచ్చి ముక్కులు పోయినవాళ్ళని ఆ మధ్యే చూసింది. బామ్ డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది. కళ్ళు మండాయి. వాసన తెలిసిందా లేదా అంటే చెప్పలేకపోయింది.

పలాస నుంచి చెల్లెలు చిలకమ్మ రోజూ ఫోన్ చేసేది.

“వచ్చీయే అప్పా. నాకాడుండు. అక్కడ నీకెవులున్నారు?”

ఆ ప్రశ్నే దాలమ్మకి ముల్లులా గుచ్చుకునేది. పలాస వెళితే చిలకమ్మ బాగానే చూస్తుంది. కానీ చెల్లెలింట్లో ఎన్నాళ్ళున్నా చుట్టమే. పందొమ్మిదో ఏట వదిలేసిన ఊళ్ళో ఇప్పుడామెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు నలుగురుంటారో లేదో. ఇక్కడ మొగుడి బూడిద సువర్ణరేఖ నదిలో కలిసింది, ఇరవై ఎనిమిదేళ్ళ బతుకు కలిసింది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి వచ్చి ఎలాగున్నావని మంచం పక్కన కూర్చుంటే చాలు, ఈ ఊళ్ళోనే ఉండిపోవచ్చు. ఆ ఒక్కరూ రాకపోతే మటుకు వెళ్ళిపోవడమే. “ఆలోసించి సెప్తాను,” అని ఫోన్ పెట్టేసేది.

ఐదోరోజు సాయంత్రం చీకటి పడుతుండగా, మనిషి మొహం చూడకపోతే పిచ్చెక్కేలా అనిపించి, గోడ పట్టుకుని లేచి తలుపు తీసింది. సందులో ఎవరూ లేరు. ఎదురింటి గుమ్మంలో తవిటమ్మ మనవరాలు యోగిత ఫోన్ చూసుకుంటూ నుంచుంది. కాలేజీ పిల్ల. దాలమ్మని చూడగానే గతుక్కుమని లోపలికి పరిగెత్తింది. దెయ్యాన్ని చూసినట్టు ఆ పరుగేమిటో దాలమ్మకి అర్థం కాలేదు. కిందికి చూస్తే గడప పక్కన ఆకు మూసిన గిన్నె ఉంది. ఆకు తీసింది. రాగి అంబలి, పైన పచ్చి ఉల్లిపాయ. వేలు పెడితే జివ్వుమంది.

ఒంట్లో బాగోలేని మనిషికి, ఈ చలిలో, చల్లారిపోయిన అంబలి. అదీ చేతికివ్వకుండా గుమ్మంలో పడేసి పోవడం. తనకి కావలసింది గొంతు మండే చారు. వేడిగా ఒక గుక్క. దాలమ్మ గిన్నె ఎత్తి సందు మొదట ఉన్న ఆవుకి పెట్టి, ఆ చీకట్లో తల వంచుకుని గోడ పట్టుకుని వచ్చింది. రొప్పుతూనే ఫోన్ తీసింది.

“ఆదివారం సాయంత్రం బండికి వచ్చీత్తన్నానే. టేసనుకి పిల్లణ్ణి పంపు.”

చిలకమ్మ సంతోషపడింది. దాలమ్మ మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు కోటు జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆదివారానికి జ్వరం పూర్తిగా దిగింది. దద్దుర్లు మాడిపోయాయి. కాళ్ళల్లో బలం లేదు గానీ స్టేషన్ దాకా ఆటో ఉంది కదా. చీరలు నాలుగు, పెన్షన్ పుస్తకం, మొగుడి ఫోటో, కోటు సంచిలో సర్దింది. పొద్దు బాగా ఎక్కాక, ఇంటాయనకి తాళం అప్పచెప్పి వద్దామని వీధి తలుపు తీసింది.

గుమ్మం ముందు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. సందులోవాళ్ళందరూ. తలస్నానాలు చేసి, తడి జుట్టు ముడేసుకుని ఉన్నారు. ముందు తవిటమ్మ, చంకలో ఇత్తడి బిందె. బిందెలో పసుపు నీళ్ళు, వాటి మీద వేపాకులు.

“పొద్దుట్నించీ ఎండలో పెట్టినాం,” అంది తవిటమ్మ. “ఇయ్యాలకి తొమ్మిది రోజులు. నీల్లోసుకోవాల గదా. ఆ సంచేటి?”

ఆడవాళ్ళు ఆమె వంక కాక, ఆమె తల మీదుగా పైకి చూసి దణ్ణాలు పెట్టుకుంటున్నారు. ఆమె బయటికి వచ్చి వెనక్కి తిరిగి చూసింది. కంతలోంచి రెండు వేపకొమ్మలు ద్వారబంధం మీదికి వేలాడుతున్నాయి. ఆకులు ఎండి ముడుచుకుపోయాయి. కింద గుమ్మానికి రెండు వైపులా పసుపు రాసి కుంకం బొట్లు పెట్టి ఉన్నాయి. మెట్టంతా తొమ్మిది రోజుల పసుపు నీళ్ళకి పచ్చబడిపోయింది.

గుమ్మానికి వేపకొమ్మ వేలాడితే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని పలాసలో చంటిపిల్లకి కూడా తెలుసు. ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్ళరు. గుమ్మం ముందు పసుపు నీళ్ళు పోసి, చలవ చేసే అంబలి పెట్టి, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోతారు. మళ్ళీ వస్తానంటే తల్లి కూడా మళ్ళీ వస్తుందని భయం. చల్లగా ఉండమన్నది తల్లిని. ఇదంతా దాలమ్మకి తెలియక కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఎవరి గుమ్మం వంకా తలెత్తి చూడకుండా బతికిన మనిషికి సొంత గుమ్మం మీద ఉన్నది కనబడకపోవడంలో వింతేముంది.

“దాదీ, జల్దీ కరో నా,” అంది యోగిత వెనక నుంచి. “నౌ దిన్ సే ఫీకా ఖానా.” తొమ్మిది రోజులుగా చప్పిడి తిండేనని ఆ పిల్ల గోల.

“ఉండెహె,” అని కసిరింది తవిటమ్మ. దాలమ్మ వైపు తిరిగింది. “దానికి పోపు నేని కూర దిగదు. తల్లున్న గుమ్మానికి పోపు ఘాటు తగలకూడదని ఏడిల్లోలమూ మానీసినాం. ఆ సివరింటి అనిత మొగుడయితే రోజూ కంచం ముందు గొడవే. మానమంటే మానినారు.” దాలమ్మని ఓరగా చూసింది. “అయినా నీకు ముందునించీ మా పోపంటే పడదు గదేటి.”

దాలమ్మ గడప మీద కూలబడింది. ముక్కు పోలేదు. చెవులు పోలేదు. ఏడు పొయ్యిల మీద ఆమె కోసమే ఆవాలు చిటపటలాడలేదు. మంచం మీద పడుకుని నాకెవరూ లేరని ఏడుస్తున్న తొమ్మిది రోజులూ, గోడల అవతల ఏడిళ్ళ వాళ్ళు ఆమె కోసం చప్పిడి మెతుకులు మింగుతున్నారు.

నోరు మూసుకుని నీళ్ళు పోయించుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఇంతమంది చప్పిడి తిండి మీద ఒక అబద్ధం పెట్టుకుని ఈ సందులో ఉండలేనని ఆమెకి తోచింది.

“వొదినా, నాకు తల్లి రానేదు,” అంది. “ఉత్త జొరం. కంతలోంచి సలిగాలి వత్తంటే గోనె కుక్కినాను. అది నిలబడక కొమ్మలు ఆసరా పెట్టినాను. బయటికి ఇలగ కనబడతాదని సూసుకోనేదు.”

వెనకెవరో ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో కోపమో తెలియలేదు. యోగిత నోరు తెరిచేసింది. తవిటమ్మ కొమ్మల వంక చూసింది, బిందె వంక చూసింది, దాలమ్మ వంక చూసింది.

“కంతకా?” అంది.

“అవును.”

“ఆ కంత కోసరం నాను తొమ్మిది రోజులు సప్పిడి పప్పు తిన్నాను.”

“అవును వొదినా.”

“ఎదురుగుండా ఉన్నాను. సలేత్తంది, కంత మూయించమని ఒక్క మాట సెప్తే మా ఆదిబాబు రెండు మేకులు కొట్టీసును. నోరు నేదా నీకు?”

దాలమ్మ తల దించుకుంది. ఉంది, కానీ పదినెలల్లో ఆ నోటితో ఆమె అడిగింది పోపు ఆపమనే.

తవిటమ్మ బిందె కింద పెట్టలేదు. చంక మార్చుకుంది. “తెచ్చిన నీల్లు యెనక్కి తీసుకెల్లకూడదు. తల్లికయితే తల్లికి, నేకపోతే నీకు. పెరట్లోకి నడు.”

పెరట్లో పీట వేసి కూర్చోబెట్టారు. ఎండలో పెట్టినా అవి కార్తీకం నీళ్ళే. మొదటి చెంబు పడగానే దాలమ్మ పీట మీంచి లేవబోయింది. రెండో చెంబుతో పాటు తవిటమ్మ చెయ్యి ఆమె వీపు మీద పడింది. బరకగా, బలంగా ఉన్న చెయ్యి. అంట్లు తోమినట్టు తోముతోంది. ఏడాదిగా ఆ వీపుని ఎవరూ ముట్టుకోలేదు. దాలమ్మ ఏడ్చింది. ఈసారి ఆపుకోలేదు. నీళ్ళల్లో నీళ్ళు కలిసిపోతాయిలే అనుకుంది గానీ, తవిటమ్మకి అన్నీ తెలుస్తాయి.

“ఏడు, ఏడు. ముక్కు వొదుల్తాది,” అంది.

పొడి చీర కట్టించి, తల తుడిచి, కొమ్మలూ గోనే పీకి అవతల పారేసి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. తవిటమ్మ గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

“ఎల్లొత్తాను,” అంది, ఒక్కో అక్షరం నొక్కి.

దాలమ్మ కోటు తొడుక్కుని మంచం మీద కూర్చుంది. పక్కనే సర్దిన సంచి ఉంది. కంత మళ్ళీ బోసిగా ఉంది, అందులోంచి గాలి దిగుతోంది. కాసేపటికి ఎదురింట్లో మూకుడు పెట్టిన చప్పుడైంది. ఆవాలు పేలాయి. పక్కింట్లో పేలాయి. దాని పక్కింట్లో. తొమ్మిది రోజులు బిగబట్టుకున్న ఏడు పొయ్యిలు ఒక్కసారే తెగబడ్డాయి. ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ అన్నీ కలిసి కంతలోంచి లోపలికి దూకాయి. దాలమ్మకి కళ్ళమ్మట నీళ్ళు కారాయి, దగ్గు తన్నుకొచ్చింది, నాలుగు తుమ్ములొచ్చాయి.

ఫోన్ మోగింది. చిలకమ్మ.

“బయిదేరినావా? ఆ దగ్గేటే, జొరం తగ్గనేదా?”

“తగ్గింది. పోపు ఘాటు.”

“ఎవులింట్లోది?”

“అందరిల్లల్లోదీ,” అంది దాలమ్మ. “నాను రాను లేయే. సంకురాత్రి ఎల్లినాక సూడ్డానికొత్తాను.”

చిలకమ్మ ఏదో అడుగుతూండగానే వీధి తలుపు దగ్గర తవిటమ్మ కొడుకు ఆదిబాబు నిలబడ్డాడు. ఒక చేతిలో బల్ల, ఇంకో చేతిలో సుత్తి, పళ్ళ మధ్య రెండు మేకులు. మేకులు తీసి, “అమ్మ పంపింది పిన్నీ. కంత మూసీమంటాది,” అన్నాడు.

దాలమ్మ కళ్ళు తుడుచుకుని పైకి చూసింది. కంతలో పోపు పొగ ఎండకి కనబడుతోంది.

“బల్ల అక్కడెట్టు బాబూ,” అంది. “రేపు కొడుదువులే. ఇయ్యాలకి అలగుండనీ.”